పీచు శాతం తీయడం: చోడిపిండి, ఫైబర్ పడవ, మేక కాలి నరం – ప్రాజెక్టు డైరీ

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ‘ఫైబర్’ అంటే పడవ. పూర్ణా మార్కెట్‌లో పిండి ప్యాకెట్ మీద ఉన్న ‘ఫైబర్’ అంటే పీచు. పాథాలజీ వాళ్ల నోట అదే మాట కొల్లాజెన్ (కణజాలాన్ని పట్టి ఉంచే ప్రోటీన్) పోగు. ముగ్గురూ శాతంలోనే మాట్లాడతారు, ముగ్గురి చేతిలోనూ ఒక అంకె ఉంటుంది. ఆ అంకె ఏ పద్ధతిలో పుట్టిందో మాత్రం పక్కన రాసి ఉండదు. ఈ మూడు లెక్కలూ ఒకే గదిలో, ఒకే బ్యాలెన్స్ మీద చేసి, అంకె ఎక్కడెక్కడ జారుతుందో పట్టుకోవడమే ఈ ప్రాజెక్టు.

సామాను: 0.1 మిల్లీగ్రాము వరకు చూపే బ్యాలెన్స్, మఫిల్ ఫర్నేస్ (శాంపిల్‌ను బూడిద చేసే కొలిమి), 105 డిగ్రీల ఓవెన్, మూత ఉన్న వాటర్ బాత్, అడుగున 40–60 మైక్రాన్ల రంధ్రాలుండే గాజు ఫిల్టర్ క్రూసిబుల్స్ (వేడికి తట్టుకునే చిన్న గిన్నెలు) ఎనిమిది, వాక్యూమ్ పంపు, జెల్దాల్ సెట్టు (నత్రజని కొలిచి మాంసకృత్తులు లెక్కకట్టడానికి), స్పెక్ట్రోఫోటోమీటర్ (రంగు గాఢత కొలవడానికి), పీహెచ్ మీటర్.

1వ రోజు – గాలితో తగాదా

శాంపిల్ ముట్టుకోకముందే ఒక పూట ఖాళీ క్రూసిబుల్స్ తూచడానికే సరిపోయింది. కారణం సముద్రపు గాలి. ఎండిన సెలైట్ (వడపోతకు వాడే సన్నని పొడి) పొర ఉన్న క్రూసిబుల్‌ను బ్యాలెన్స్ మీద పెట్టి తలుపు తెరిచి ఉంచితే చివరి అంకె ఆగదు, పైకి పాకుతూనే ఉంటుంది. శాంపిల్ ఒక గ్రాము అయినప్పుడు ఒక మిల్లీగ్రాము తేడా అంటే జవాబులో 0.1 శాతం. తెల్ల బియ్యంలాంటి తక్కువ పీచు సరుకులో అది చిన్న తేడా కాదు.

కట్టుకున్న నియమాలు: డెసికేటర్‌లో (తేమ తగలకుండా చల్లార్చే మూత పాత్ర) నీలం సిలికా జెల్ గులాబీ రంగుకు తిరిగితే ఆ రోజే 120 డిగ్రీల దగ్గర ఆరబెట్టాలి; వానాకాలంలో ఇది మూడు నాలుగు రోజులకోసారి తప్పదు. ఒక్కో డెసికేటర్‌లో నాలుగు క్రూసిబుల్స్‌కు మించి పెట్టకూడదు. ఎనిమిది పెడితే ఒక్కొక్కటి తీసినప్పుడల్లా మూత తెరవాలి, ఎనిమిదోది అప్పటికే గాలి తాగి ఉంటుంది. ఓవెన్‌లోంచి తీసిన తర్వాత చల్లారే సమయం ప్రతిసారీ ఒకటే ఉండాలి. మేం ఒక గంట పెట్టుకున్నాం. వేడిగా ఉన్నదాన్ని తూస్తే గాలి పైకి లేచి బరువు తక్కువ చూపిస్తుంది.

గాజు క్రూసిబుల్‌ను 525 డిగ్రీల దగ్గర కాల్చాక ఫర్నేస్ తలుపు వెంటనే తెరవద్దు. 130 డిగ్రీల కిందికి దిగేదాకా లోపలే ఉండనివ్వాలి. తొందరపడితే అడుగు గాజుబిళ్లకు, గోడకు మధ్య సన్నని జుట్టు చీలిక వస్తుంది. కంటికి కనిపించదు. వడకట్టేటప్పుడు సెలైట్ కిందికి దిగిపోతుంటే అప్పుడు తెలుస్తుంది.

2, 3 రోజులు – ముతక పీచు, పాత లెక్క

చోడిపిండి (మిగతా జిల్లాల్లో రాగిపిండి) పాడేరు వైపు నుంచి వచ్చిన గింజను ఇక్కడే మర ఆడించి, అర మిల్లీమీటరు జల్లెడలో జల్లించినది. ముందుగా ముతక పీచు, అంటే క్రూడ్ ఫైబర్ తీశాం. 1860ల్లో జర్మనీలోని వేండె కేంద్రంలో పశువుల మేత కోసం స్థిరపడిన పద్ధతి ఇది. దాణా బస్తాల మీద ఇప్పటికీ ఈ అంకే ఉంటుంది.

రెండు గ్రాముల పిండి. కొవ్వు ఎక్కువున్న సరుకైతే ముందు పెట్రోలియం ఈథర్‌తో కడగాలి; చోడికి అక్కర్లేదు. 1.25 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లం 200 మి.లీ. పోసి, మరుగు మొదలైన క్షణం నుంచి సరిగ్గా 30 నిమిషాలు. వడకట్టి, వేడినీళ్లతో ఆమ్లం పోయేదాకా కడిగి, మళ్లీ 1.25 శాతం కాస్టిక్ సోడా 200 మి.లీ.లో 30 నిమిషాలు. మళ్లీ వడకట్టి, కడిగి, స్పిరిట్‌తో (ఇథైల్ ఆల్కహాల్) ఒకసారి తడిపి, 130 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఆరబెట్టి తూచి, ఫర్నేస్‌లో కాల్చి మళ్లీ తూచాలి. కాలిపోయిన బరువే ముతక పీచు.

ఇబ్బంది పెట్టేవి రెండు. ఒకటి నురగ: చోడి మరుగుతుంటే పాలలా పొంగి గోడలకు అంటుకుంటుంది, అంటుకున్న పిండికి ఆమ్లం తగలదు. ఒక చుక్క ఆక్టనాల్ వేస్తే అణుగుతుంది. రెండోది ఆవిరి: బీకరు మీద చల్లనీళ్లు నింపిన గుండ్రటి ఫ్లాస్కు మూతలా కూర్చోబెట్టకపోతే నీరు తగ్గి ఆమ్లం చిక్కబడుతుంది, పీచులో ఇంకొంత భాగం కరిగిపోతుంది.

మాకు వచ్చింది: 2.0040 గ్రాములకు కాలిన బరువు 0.0708 గ్రా., అంటే 3.53 శాతం. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ పాత పట్టికల్లో రాగికి ఉన్న 3.6కు దగ్గరే. పద్ధతి సరిగ్గా చేసినట్టే లెక్క. అయితే అదే సంస్థ 2017లో తెచ్చిన పట్టికల్లో రాగి మొత్తం పీచు 11.18 గ్రాములు. పంట మారలేదు, కొలిచే తీరు మారింది. మొక్క కణం గోడలో ఉండే పీచు పదార్థాల్లో హెమిసెల్యులోజ్‌లో ఎక్కువ భాగాన్ని ఆమ్లం, లిగ్నిన్‌లో చాలా భాగాన్ని సోడా కడిగేస్తాయి. కరిగే పీచైతే వడపోతలోనే జారిపోతుంది. మిగిలేది సెల్యులోజ్ కొంత, దానికి అంటిపెట్టుకున్న లిగ్నిన్ కొంత. కడుపులో ఆమ్లమూ సోడా మరగవు కాబట్టి మనిషి తిండికి ఈ అంకె పనికిరాదు. ఇంకా కొన్ని పిండి ప్యాకెట్ల మీద 3.6 కనబడితే అర్థం అంతే.

4 నుంచి 9 – ఎంజైమ్ పద్ధతి

ఎక్కువ రోజులు తిన్నది ఇదే. ఏఓఏసీ (విశ్లేషణ పద్ధతులను ప్రామాణీకరించే అంతర్జాతీయ సంస్థ) 985.29 పద్ధతి: పిండిపదార్థాన్ని, మాంసకృత్తులను ఎంజైమ్‌లతో కరిగించి, కరిగే పీచును స్పిరిట్‌తో పేరుకునేలా చేసి, మొత్తం వడకట్టి తూచడం.

ఒక్కో శాంపిల్‌కు రెండు బీకర్లు తప్పనిసరి, బ్లాంక్‌కు (శాంపిల్ లేకుండా మిగతావన్నీ వేసి చేసేది) మరో రెండు. ఒక గ్రాము పిండి, 50 మి.లీ. ఫాస్ఫేట్ బఫర్ (పీహెచ్ 6.0), వేడికి తట్టుకునే ఆల్ఫా అమైలేజ్ (పిండిపదార్థాన్ని కరిగించే ఎంజైమ్) 0.1 మి.లీ. అల్యూమినియం ఫాయిల్ కప్పి, మరిగే నీటి స్నానంలో 15 నిమిషాలు, ఐదేసి నిమిషాలకోసారి కదుపుతూ. చల్లార్చి, 0.275 నార్మల్ సోడా 10 మి.లీ.తో పీహెచ్ 7.5కు తెచ్చి, ప్రోటియేజ్ (మాంసకృత్తులను కరిగించేది) 5 మి.గ్రా., 60 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు. తర్వాత 0.325 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 10 మి.లీ.తో పీహెచ్ 4.0–4.6 మధ్యకు దించి, అమైలోగ్లూకోసిడేజ్ (మిగిలిన పిండిపదార్థాన్ని గ్లూకోజ్ చేసేది), మళ్లీ 60 దగ్గర 30 నిమిషాలు. చివరికి 60 డిగ్రీలకు వేడిచేసిన 95 శాతం స్పిరిట్ 280 మి.లీ. పోసి గంటసేపు కదపకుండా వదిలేయాలి. బీకరులో ద్రవం 70 మి.లీ., స్పిరిట్ దానికి నాలుగింతలు. పీహెచ్ సరిచేస్తూ ఎక్కువ నీళ్లు పోసేస్తే ఈ నిష్పత్తి చెడి, కరిగే పీచు కొంత పేరుకోకుండానే పోతుంది.

స్పిరిట్ సంగతి ముందే చూసుకోవాలి. ఒక శాంపిల్, ఒక బ్లాంక్ కలిపి నాలుగు బీకర్లకు 1,120 మి.లీ., కడగడానికి మరికొంత. దానికి ఎక్సైజ్ పర్మిట్ కావాలి, అది ఎంజైమ్‌ల కంటే ఆలస్యంగా చేతికొస్తుంది. ఎంజైమ్‌లు ఆర్డర్ చేయకముందే పర్మిట్‌కు కాగితం పెట్టండి.

మొదటి విడత అంకె 17 దాటింది. రెండు బీకర్లూ ఒకదానితో ఒకటి చక్కగా కలిశాయి కాబట్టి ఎవరైనా నమ్మేస్తారు. నకళ్లు కలవడం ఒకటి, అంకె నిజం కావడం ఒకటి. క్రూసిబుల్‌లో మిగిలిన దాంట్లోంచి ఆవగింజంత తీసి తెల్ల పలక మీద పెట్టి అయోడిన్ చుక్క వేస్తే ముదురు నీలం వచ్చింది. పిండిపదార్థం జీర్ణం కాలేదు.

కారణాలు రెండు దొరికాయి. బఫర్ వేడిగా ఉండగా పిండి పోశాం. ఉప్మాలో రవ్వ ఒక్కసారి గుమ్మరిస్తే ఉండలు కట్టినట్టు పైన జిగురు తొడుక్కుని లోపల పొడిగానే ఉండిపోయింది. చల్లటి బఫర్‌లో ముందు పూర్తిగా కలిపి, ఆ తర్వాతే ఎంజైమ్ వేసి వేడికి పెట్టాలి. రెండోది, స్నానం మరుగుతున్నా బీకరు లోపల థర్మామీటరు 88 దాటలేదు. 15 నిమిషాలు లెక్కపెట్టాల్సింది లోపల 95 చేరాక. నాలుగు బీకర్లు ఒకేసారి దింపితే స్నానం చల్లబడుతుంది. మా దాంట్లో మొత్తం అరగంట ఉంచాల్సి వచ్చింది.

ఎంజైమ్‌లను కూడా పరీక్షకు పెట్టాం. కొత్త సీసా వచ్చినప్పుడల్లా, పాతదైనా ఆరు నెలలకోసారి ఇది చేయాలి. మొక్కజొన్న స్టార్చ్ పెడితే జవాబు 0–1 శాతం రావాలి. రాకపోతే అమైలేజ్ చచ్చిపోయింది. కేసీన్ (పాలలోని ప్రోటీన్) పెడితే దాదాపు సున్నా రావాలి. నిమ్మజాతి పండ్ల పెక్టిన్ పెడితే 95–100 శాతం తిరిగి రావాలి. తక్కువొస్తే ఎంజైమ్‌లో పెక్టిన్‌ను కోసే పెక్టినేజ్ కలిసి ఉందని, మనం కొలవాల్సిన పీచునే అది తినేస్తోందని అర్థం. మొదటి రెండు పరీక్షలతో ఆపేసేవాళ్లే ఎక్కువ. మూడోదే ముఖ్యం, ఎందుకంటే ఆ తప్పు జరిగినా మిగతా ఏ పరీక్షలోనూ బయటపడదు.

వడపోత: క్రూసిబుల్‌లో అర గ్రాము సెలైట్‌ను 78 శాతం స్పిరిట్‌తో తడిపి సమంగా పరవాలి. బీకరులో పైనున్న తేట ముందు పోయాలి, మడ్డి ఆఖరున. మడ్డి ముందే పడితే జిగురు పొర కట్టి గంటన్నర కూర్చోబెడుతుంది. 78 శాతం స్పిరిట్ 20 మి.లీ. మూడుసార్లు, 95 శాతం 10 మి.లీ. రెండుసార్లు, అసిటోన్ 10 మి.లీ. రెండుసార్లు. అసిటోన్ కడుగు మానేస్తే ఎండిన మడ్డి చెక్కలా బిగుస్తుంది, జెల్దాల్‌కు గీకి తీయడం కష్టం. అసిటోన్ పూర్తిగా ఆవిరయ్యాకే ఓవెన్‌లోకి, రాత్రంతా 105 దగ్గర.

రెండింట్లో ఒక మడ్డి జెల్దాల్‌కు (నత్రజని ఇంటూ 6.25), రెండోది 525 డిగ్రీల దగ్గర ఐదు గంటలు బూడిదకు. సరిచేసిన విడత లెక్క: మడ్డి సగటు 162.5 మి.గ్రా., అందులో మాంసకృత్తులు 21.4, బూడిద 19.6, బ్లాంక్ 8.2. మిగిలింది 113.3 మి.గ్రా. శాంపిల్ సగటు 1.0010 గ్రా. కాబట్టి 11.32 శాతం. పట్టికలోని 11.18 పక్కన పెట్టుకోదగ్గదే.

బ్లాంక్‌ను దండగ పని అనుకుని వదిలేస్తే ఇదే చోడి 12.14 అయ్యేది. ఎంజైమ్ కూడా ప్రోటీనే, బఫర్ ఉప్పు కూడా స్పిరిట్‌లో కొంత పేరుకుంటుంది.

10, 11 – జామ, చద్దన్నం

జామపండుతో వేరే తంటా. చక్కెర ఎక్కువ. నేరుగా ఆరబెడితే ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది, ఆ రంగు పదార్థం ఎంజైమ్‌కు లొంగదు, చివరికి లిగ్నిన్ వేషంలో పీచు లెక్కలో చేరుతుంది. 85 శాతం స్పిరిట్ గ్రాముకు 10 మి.లీ. చొప్పున రెండు మూడుసార్లు పోసి చక్కెర లాగేసి, 40 డిగ్రీల దగ్గర రాత్రంతా ఆరబెట్టాం. పోయిన నీటి బరువూ చక్కెర బరువూ రాసిపెట్టుకోవాలి. జామలో ఐదింట నాలుగు వంతులు నీరే. ఎండు బరువు మీద చెప్పిన శాతాన్ని పచ్చిపండు శాతంగా చదివితే ఐదింతలు పెద్దదవుతుంది. పొడులు అమ్మేవాళ్లకు ఈ గందరగోళం బాగా అనుకూలిస్తుంది.

చద్దన్నం ఆసక్తి కొద్దీ పెట్టింది. వండిన అన్నం చల్లారితే పిండిపదార్థంలో కొంత మళ్లీ గట్టిగా పేర్చుకుని జీర్ణానికి లొంగని రూపానికి మారుతుంది. ఆ భాగంలో కొంతే 985.29లో మిగులుతుంది, ఎందుకంటే ఈ పద్ధతి దాన్ని మరిగే వేడిలో అమైలేజ్‌కు అప్పగిస్తుంది. కడుపులో ఉండేది 37 డిగ్రీలు. పూర్తిగా పట్టాలంటే 37 డిగ్రీల దగ్గర 16 గంటలు ఎంజైమ్‌లో ఉంచే 2009.01 పద్ధతి కావాలి. ఇనులిన్‌లాంటి చిన్న గొలుసుల పీచు కూడా అంతే, అది 78 శాతం స్పిరిట్‌లోనూ చాలావరకు కరిగే ఉంటుంది, వడపోతలో పోతుంది, దాన్ని 2009.01లో క్రోమటోగ్రఫీతో (కలిసిన పదార్థాలను విడదీసి కొలిచే యంత్రంతో) విడిగా పడతారు. మా దగ్గర ఆ యంత్రం లేదు కాబట్టి చద్దన్నం అంకె రాసుకోలేదు.

12 నుంచి 15 – ఫైబర్ పడవ ముక్క

హార్బర్ దగ్గర విరిగి పక్కన పడేసిన పడవ అంచు. గ్లాస్ మ్యాట్ (గాజు పోగులు అడ్డదిడ్డంగా అతికించిన చాప), నేత రోవింగ్ (గాజు పోగుల నేత గుడ్డ), వాటిని పట్టి ఉంచే పాలియెస్టర్ రెజిన్. ఇక్కడ లెక్క తిండి లెక్కకు తలకిందులు: అక్కడ కాలిపోయింది పీచు, ఇక్కడ కాలకుండా మిగిలింది పీచు.

ఏఎస్‌టీఎం (వస్తు పరీక్షల ప్రమాణాలు రాసే సంస్థ) డి2584 పద్ధతి చెప్పేది: 25 మి.మీ. చదరపు ముక్క, సుమారు 5 గ్రాములు, 565 డిగ్రీల దగ్గర బరువు నిలిచేదాకా కాల్చడం. చూడటానికి ఇంతే. ముక్క తయారీలోనే అంకె సగం నిర్ణయమైపోతుంది.

సముద్రంలో నానిన ముక్కలో నీరుంటుంది, ఉప్పు ఉంటుంది. నీరు ఫర్నేస్‌లో పోయి రెజిన్ లెక్కలో కలుస్తుంది. ఉప్పు 565 దగ్గర కరగను కూడా కరగదు, గాజు లెక్కలో కలుస్తుంది. మంచినీళ్లలో నానబెట్టి కడిగి, 60 డిగ్రీల ఓవెన్‌లో బరువు ఆగేదాకా ఆరబెట్టాం, నాలుగు రోజులు పట్టింది. పైనున్న నీలం జెల్‌కోట్‌ను (రంగు కలిపిన పై రెజిన్ పూత) పూర్తిగా రాకేశాం. అందులోని తెల్ల టైటానియం డైఆక్సైడ్ పొడి కాలదు, ఆమ్లానికి కరగదు, లోపలికి వచ్చిందంటే గాజుగానే లెక్కపడుతుంది. కోయడానికి వజ్రపు బిళ్ల, నీళ్లు పోస్తూ; పొడి కోతలో గాజు నూక చేతులకు, గొంతుకు పడుతుంది.

క్రూసిబుల్‌ను వేడి ఫర్నేస్‌లో నేరుగా పెట్టకూడదు. స్టైరీన్ పొగ ఒక్కసారి భగ్గుమని, మసితోపాటు సన్నని పోగులు కూడా ఎగిరిపోతాయి. చల్లటి ఫర్నేస్‌లో పెట్టి, 350 దగ్గర పొగ ఆగేదాకా నిలిపి, తర్వాత 565కు. గది కిటికీ తెరిచి ఉన్నా సరిపోదు, పైన పొగగొట్టం ఉండాలి. నల్లటి మచ్చలన్నీ పోయి తెల్లగా అయ్యాక తీయాలి.

ముక్క 6.012 గ్రా. కాల్చాక 2.346 గ్రా. ఇక్కడితో ఆపితే గాజు 39.0 శాతం. కానీ పోగుల మధ్య సుద్దలాంటి పొడి కనిపించింది. రెజిన్ ఖర్చు తగ్గించడానికి కలిపిన కాల్షియం కార్బొనేట్ అది. పలుచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే బుసబుసలాడింది. కడిగి ఆరబెట్టాక 2.168 గ్రా. అసలు గాజు 36.1 శాతం. ఫర్నేస్ 700 దాటి ఉంటే ఈ సుద్ద తన బరువులో 44 శాతాన్ని వాయువుగా వదిలేసి రెజిన్ లెక్కనూ చెడగొట్టేది. అందుకే ఫర్నేస్ ముందు డయల్‌ను నమ్మకుండా క్రూసిబుల్ పక్కనే విడిగా థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) పెట్టాం.

ఆమ్లం దగ్గర జాగ్రత్త. పడవల్లో వాడే మామూలు గాజు పోగును (ఈ-గ్లాస్) హైడ్రోక్లోరిక్ కొరుకుతుంది. రాత్రంతా నానబెడితే గాజులోని కాల్షియం, అల్యూమినియం కూడా బయటికి వస్తాయి. పలుచటి ఆమ్లం, చల్లగా, బుడగలు ఆగేదాకా మాత్రమే. రెజిన్ పట్టని ఖాళీ మ్యాట్ ముక్కను ఇదే దారిలో కాల్చి, ఇదే ఆమ్లంలో ముంచి ఎంత తగ్గిందో చూడాలి. మ్యాట్‌ను అతికించి ఉంచే బైండరు ఎంతో కూడా అందులోనే తేలుతుంది.

కాల్చిన ముక్కలో ఒక సుఖం ఉంది: పొరలు ఆకుల్లా విడివిడిగా వస్తాయి. పట్టకారుతో ఒక్కొక్కటి తీసి లెక్కపెట్టవచ్చు. ఐదు మ్యాట్ పొరలు, రెండు నేత రోవింగ్ పొరలు. చదరపు మీటరుకు 450 గ్రాముల మ్యాట్ అయితే ఈ ముక్కకు పొరకు 0.281 గ్రా., 610 రోవింగ్ అయితే 0.381 గ్రా.; మొత్తం 2.17 గ్రా. త్రాసు చెప్పిన 2.168తో కలిసింది. మ్యాట్ ఎక్కడికక్కడ మందం మారుతుంది కాబట్టి ఇంత దగ్గరగా కలవడంలో అదృష్టం కొంత ఉంది. ఐదు శాతం తేడా వచ్చినా కంగారుపడనక్కర్లేదు, పొరల సంఖ్య తప్పిందేమో మాత్రం చూడాలి.

బరువు శాతం పడవ కట్టేవాడికి చాలు, డిజైన్‌కు ఘనపరిమాణ శాతం కావాలి. గాజు సాంద్రత 2.55, సుద్ద 2.7, రెజిన్ 1.2 అనుకుంటే ఘనపరిమాణాలు 0.850, 0.066, 3.055, మొత్తం 3.971 ఘన సెం.మీ. నీటిలో వేలాడదీసి తూచిన సాంద్రత 1.49, అంటే ముక్క అసలు పరిమాణం 4.035. తేడా 0.064 గాలి బుడగలు, 1.6 శాతం. గాజు 21.1 శాతం. ఈ బుడగల లెక్క చాలా నాజూకు: రెజిన్ సాంద్రత 1.2 బదులు 1.22 వేసుకుంటే రెజిన్ పరిమాణం 3.005కు దిగి, బుడగలు 2.8 శాతానికి ఎగబాకుతాయి. అదే రెజిన్‌తో విడిగా ఒక బిళ్ల పోసి సాంద్రత కొలవనిదే బుడగల శాతం ఎవరికీ ఇవ్వవద్దు. పాత పడవ ముక్కకు ఆ అవకాశం లేదు, మా 1.6ను అందుకే పెన్సిల్‌తో రాశాం.

కార్బన్ పోగుకు ఈ దారి పనికిరాదు, గాలిలో ఆ వేడికి పోగే మండిపోతుంది. ఎపాక్సీ అయితే వేడి నైట్రిక్ ఆమ్లంలో రెజిన్‌ను కరిగించి కార్బన్‌ను కడిగి తూస్తారు. కొబ్బరి పీచు, జనపనార వేసిన పలకలకు రెండూ కుదరవు. పోత పోసేటప్పుడే నారను, రెజిన్‌ను తూచి రాసుకోవడం ఒక్కటే నమ్మకమైన దారి.

16 నుంచి 21 – మేక తొడ, కాలి నరం, కార్జం

కణజాలంలో పోగును కాల్చి మిగల్చలేం, ఎంజైమ్‌తో వేరుచేసి తూచలేం. ఇక్కడ పద్ధతి వేరు: అంతా కరిగించేసి, కొల్లాజెన్‌లో తప్ప మరెక్కడా పెద్దగా ఉండని హైడ్రాక్సీప్రోలిన్ అనే అమైనో ఆమ్లాన్ని రంగుతో లెక్కపెట్టడం. మాంసం దుకాణంలో దొరికే మేక తొడ, కాలి నరం (వైద్యుల మాటలో స్నాయువు), కార్జం తీసుకున్నాం. మనిషి కణజాలానికి ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి, ఆ దారికి పోలేదు.

ఏఓఏసీ 990.26 ప్రకారం: 4 గ్రాముల మాంసం, 3.5 మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లం 30 మి.లీ., 105 డిగ్రీల దగ్గర 16 గంటలు. వేడిగా ఉండగానే 500 మి.లీ. ఫ్లాస్కులోకి మార్చి, చల్లార్చి, గీత దాకా నింపి, వడకట్టి, అందులో 5 మి.లీ.ను 100కు పలుచన చేయాలి. దీంట్లోంచి 4 మి.లీ., క్లోరమిన్-టీ (హైడ్రాక్సీప్రోలిన్‌ను రంగుకు సిద్ధం చేసే రసాయనం) ద్రావణం 2 మి.లీ., గది వేడిలో 20 నిమిషాలు. రంగు ద్రావణం 2 మి.లీ., 60 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు. చల్లార్చి 558 నానోమీటర్ల దగ్గర చదవాలి. ప్రామాణికాలు (పోల్చడానికి గాఢత తెలిసిన ద్రావణాలు) మి.లీ.కు 0.6, 1.2, 1.8, 2.4 మైక్రోగ్రాములు. రంగు ద్రావణంలో పర్‌క్లోరిక్ ఆమ్లం ఉంటుంది, చిందితే బట్టతోనో కాగితంతోనో తుడిచి చెత్తబుట్టలో వేయకూడదు, నీళ్లతో కడగాలి. క్లోరమిన్-టీ ఏ రోజుకారోజు కలుపుకున్నదే. పాత సీసాలో క్లోరిన్ తగ్గిపోయి, ప్రామాణికాలతో గీసే గ్రాఫు గీత వాలు తగ్గుతుంది.

తొడ మాంసానికి 5 బదులు 10 మి.లీ.ను 100కు చేయాల్సి వచ్చింది, లేకపోతే మొదటి ప్రామాణికం కిందికి పోతోంది. 4.02 గ్రాములకు చదివింది మి.లీ.కు 1.02 మైక్రోగ్రాములు, అంటే మొత్తం 5.1 మి.గ్రా., 0.127 శాతం. కొల్లాజెన్‌లో ఎనిమిదో వంతు హైడ్రాక్సీప్రోలిన్ అనుకుని 8తో హెచ్చిస్తే కొల్లాజెన్ 1.0 శాతం.

కాలి నరం మొదటి రోజు గులాబీ కాదు, రక్తం రంగు తిరిగింది. అంకె చివరి ప్రామాణికాన్ని దాటి ఎక్కడికో పోయింది. ఆ రంగు ద్రావణాన్నే నీళ్లతో పలుచన చేసి చదవడం తప్పు, ఎందుకంటే క్లోరమిన్-టీ అప్పటికే చాలక కొంత హైడ్రాక్సీప్రోలిన్ మారకుండా మిగిలి ఉంటుంది. శాంపిల్‌నే తగ్గించాలి. 0.412 గ్రాములతో మళ్లీ చేస్తే 1.52 వచ్చింది, మొత్తం 15.2 మి.గ్రా., 3.69 శాతం. 8తో అయితే కొల్లాజెన్ 29.5, కొల్లాజెన్‌లో 14 శాతం హైడ్రాక్సీప్రోలిన్ అనుకుని 7.14తో అయితే 26.3. రెండూ వాడుకలో ఉన్నవే. మూడు శాతం తేడా త్రాసుది కాదు, గుణకానిది. వంజరం చర్మానికైతే రెండూ సరిపోవు. చేపల కొల్లాజెన్‌లో హైడ్రాక్సీప్రోలిన్ తక్కువ, చల్లటి నీటి చేపల్లో మరీ తక్కువ.

కార్జంతో ఎదురు సమస్య: ఉన్నదే కొంచెం. పలుచన మానేసి నేరుగా చదివితే రంగే రాలేదు. 500 మి.లీ. ఫ్లాస్కులో ఆమ్లం ఇంకా 0.21 మోలార్ ఉంటుంది; 5ను 100 చేసినప్పుడు అది అణిగిపోతుంది కానీ నేరుగా పోస్తే క్లోరమిన్-టీ ద్రావణంలోని పీహెచ్ 6 బఫర్‌ను ముంచేస్తుంది, క్లోరమిన్-టీ పనిచేయదు. సోడాతో పీహెచ్ 6కు తెచ్చి పోస్తే లేత గులాబీ వచ్చింది. సోడా పోసినంత పరిమాణం పెరుగుతుందని లెక్కలో మరిచిపోవద్దు.

22, 23 – స్లైడు మీద అదే కార్జం

రసాయనం ఎంత ఉందో చెబుతుంది, ఎక్కడ ఉందో చెప్పదు. 5 మైక్రాన్ల కోతలు, సంతృప్త పిక్రిక్ ఆమ్లంలో 0.1 శాతం సిరియస్ రెడ్ (కొల్లాజెన్‌కు ఎరుపు పట్టించే రంగు), గంటసేపు, తర్వాత నీళ్లు కాదు, 0.5 శాతం అసిటిక్ ఆమ్లంలో రెండుసార్లు కడగాలి. మామూలు నీటిలో కడిగితే రంగు దిగిపోతుంది. పిక్రిక్ ఆమ్లం సీసాను ఎప్పుడూ తడిగా ఉంచాలి. మూత అంచున ఎండిన పొడి కనిపిస్తే తిప్పి తెరవకండి, ఎండితే అది పేలుడు పదార్థమే.

ఫోటోల్లో ఎరుపు విస్తీర్ణం ఇమేజ్‌జే అనే ఫోటో విశ్లేషణ సాఫ్ట్‌వేర్‌లో లెక్కించాం. ఒక స్లైడునే ఉదయం ఒకసారి, లైటు కాస్త పెంచి సాయంత్రం ఒకసారి తీస్తే రెండు జవాబులు. అప్పటి నుంచి ఖాళీ గాజు మీద ఎక్స్‌పోజర్ బిగించి, అన్ని ఫోటోలకూ ఒకే త్రెషోల్డ్ (ఎంత ఎరుపైతే పోగుగా లెక్కించాలో ఆ హద్దు). కోత 5 బదులు 8 మైక్రాన్లు పడితే ఎరుపు ముదురుతుంది, విస్తీర్ణం పెరుగుతుంది. పోలరైజ్డ్ వెలుగులో ఎరుపు కనిపిస్తే ఒక రకం కొల్లాజెన్, ఆకుపచ్చ అయితే మరో రకం అని చాలామంది రాస్తారు. ఆ రంగు ప్రధానంగా పోగు మందాన్ని, కూర్పును బట్టి వచ్చేది. పోగు ఫిల్టర్ దిశలో పడుకుంటే అసలు కనిపించదు, స్లైడును 45 డిగ్రీలు తిప్పితే వెలుగుతుంది. అందుకే విస్తీర్ణం మామూలు వెలుగులోనే కొలిచాం. ఈ శాతం విస్తీర్ణానిది. దీన్ని హైడ్రాక్సీప్రోలిన్ బరువు శాతం పక్కన ఒకే గడిలో పెట్టకూడదు.

ఆసుపత్రుల్లో బతికున్న మనిషి కాలేయం మీద ప్రోబ్ ఆనించి కిలోపాస్కల్స్‌లో చెప్పేది గట్టిదనం. వాపు ఉన్నా, రక్తం నిలిచినా, తిన్న వెంటనే చూసినా అది పెరుగుతుంది. పోగు శాతం కాదు.

24వ రోజు – మిగిలిన పని

జామ మడ్డి రెండు క్రూసిబుల్స్ 105లో ఉన్నాయి, రేపు తూకం. సిలికా జెల్ మళ్లీ గులాబీకి తిరిగింది. పడవ అడుగుభాగం నుంచి ఇంకో మూడు ముక్కలు కోయాలి, అంచు మందం అడుగు మందం ఒకటి కాదు. పాలియెస్టర్ రెజిన్ ఒక లీటరు తెచ్చి సాంద్రత బిళ్లలు పోయాలి. కార్జం ఫ్లాస్కు సీసా మీద సోడా ఎన్ని మి.లీ. పోశామో రాసిన చీటీ ఊడిపోయింది, ఆ విడత మళ్లీ మొదటి నుంచి.